రాని వీసాకు స్తోత్రం

అక్టోబర్ 28, సోమవారం

హైదరాబాద్ వెళ్ళి వీసా కాగితాలు ఇచ్చేసి వచ్చాను. వేళ్ళన్నీ గాజు మీద పెట్టించుకున్నారు, ఫోటో తీసుకున్నారు, పాస్‌పోర్ట్ లోపల పెట్టుకున్నారు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి నా వయసే ఉంటుంది. "ఇంతకు ముందు ఏ దేశమైనా వెళ్ళారా?" అంది. లేదన్నాను. "మీ ఇంట్లో ఎవరైనా?" లేదన్నాను. మా ఇంట్లో గుల్బర్గా దాటినవాడు నాన్న ఒక్కడే, అదీ డీసీఎం లారీ నిండా తాండూర్ బండలు వేసుకుని. అది చెప్పలేదు.

వికారాబాద్ దాకా నిలబడే వచ్చాను. తాండూర్‌లో దిగేసరికి అమ్మ స్టేషన్ బయట ఉంది. అంగన్‌వాడీ నుంచి అటే వచ్చినట్టుంది, చీర మీద పిల్లల పప్పు మరకలు కూడా అలాగే ఉన్నాయి.

"ఇచ్చిండ్రా?" అంది.

"ఇయ్యలేదమ్మా, పెట్టుకున్నం. వాళ్లు చూసి, ఇస్తరో ఇయ్యరో మూడు వారాలకు చెప్తరు."

"ఇయ్యకపోవుడేంది? కాలేజీల ఫస్టొచ్చిన బిడ్డకు?"

వందసార్లు చెప్పాను. జనవరిలో జర్మనీ కాలేజీలో ఆరు వారాలు. విత్తన పరీక్షల శిక్షణ. మా అగ్రికల్చర్ బ్యాచ్ మొత్తంలో నన్నూ వైశాలినీ తీసుకున్నారు, టికెట్టూ తిండీ వాళ్ళవే. కానీ వీసా ఇచ్చేది ఆ కాలేజీ కాదు, జర్మనీ సర్కారు. అది వచ్చేదాకా ఏదీ ఖాయం కాదు, ఎవరికీ చెప్పొద్దు. ఒట్టు వేయమన్నాను. "మనం ఒట్లు వెట్టుకోవద్దు బిడ్డా, దేవుని వాక్యం ఒప్పుకోదు" అంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నవంబర్ 3, ఆదివారం

పెన్ను నొక్కి రాస్తుంటే కాగితం చిరిగింది. కోపానికే.

ఎప్పటిలాగే పొద్దున రైలుకి వికారాబాద్ వెళ్ళాం. తాండూర్‌లో మందిరాలు లేక కాదు. అమ్మ పుట్టి పెరిగిన సంఘం అది, ఆమెకు అక్కడైతేనే దేవుడు వింటాడు. పాటలయ్యాక పాస్టర్ వెంకటేశం అయ్యగారు సాక్ష్యాలకు సమయమిచ్చారు. దేవుడు ఆ వారం తమకు చేసిన మేలు ఏమిటో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. ముందు బీరమ్మ పెద్దమ్మ లేచింది. ఆమెకు ముగ్గురు కొడుకులు. ఒకడు పోలీసు, ఒకడు గల్ఫ్, ఒకడికి ట్రాక్టరుంది. ముగ్గురి సంగతీ చెప్పుకొచ్చేసరికి పిల్లలు నిద్రపోయారు.

అమ్మ సాక్ష్యాలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. జ్వరం తగ్గింది. పోయిన గొడుగు దొరికింది. బస్సు ఇంకో నిమిషమైతే తప్పిపోయేదే, దేవుడు ఆపాడు. ఆమె లేస్తే ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. ఈ రోజూ అలాంటిదే ఏదో అనుకుని నేను చాప పుల్లలు గిల్లుతూ కూర్చున్నాను.

"మా బిందుకు జర్మనీ దేశం వీసా దయచేసిండు దేవుడు. అందరు స్తోత్రం చెప్పుండ్రి" అంది.

మందిరం మొత్తం స్తోత్రం అంది. డోలక్ మోగింది. అలవాటు కొద్దీ నేను కూడా స్తోత్రం అన్నానేమో! నా వీసాకి, రాని వీసాకి, నా నోటితోనే. వెనక నుంచి ఎవరో నా వీపు తట్టారు. అయ్యగారు మైకులో, "మన సంఘం నుంచి సముద్రం దాటుతున్న మొదటి ఆడబిడ్డ" అన్నారు. నవంబర్ నాలుగో ఆదివారం ప్రయాణ ప్రార్థన పెట్టుకుందామన్నారు. తేదీ కూడా ఖాయమైపోయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

బయట చెప్పుల దగ్గర పట్టుకున్నాను.

"ఏం జేసినవమ్మా? ఎక్కడొచ్చింది వీసా?"

"మెల్లగ మాట్లాడు."

"వచ్చిందని ఎట్ల జెప్పినవ్?"

"నమ్మి అడిగినంక వచ్చినట్టే గద. ముందుగాల్నే స్తోత్రం చెప్పాలె. గదే విశ్వాసం."

"గది విశ్వాసం గాదు, అబద్ధం!"

ఆమె వంగి చెప్పులేసుకుంది. బీరమ్మ పెద్దమ్మ మా వైపు వస్తుంటే ముఖం నిండా నవ్వు తెచ్చుకుని ఎదురెళ్ళింది. నేను చూశాను ఆ నవ్వు. బీరమ్మ పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకుని "నీ కడుపు సల్లగుండ కృపారాణీ" అంటుంటే, మా అమ్మ జీవితంలో మొదటిసారి అన్నట్టు మెడ నిలబెట్టి నిలుచుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నవంబర్ 4

అమ్మతో మాట్లాడటం లేదు.

నవంబర్ 5

అమ్మతో మాట్లాడటం లేదు. పచ్చడి ఎక్కడుందని అడిగాను, అది మాట్లాడటం కిందకి రాదు.

నవంబర్ 7

నోట్లో నువ్వుగింజ నానదంటారు. మా అమ్మ నోట్లో గుమ్మడికాయ కూడా ఆగదు. మందిరంలో చెప్పింది చాలక అంగన్‌వాడీలో చెప్పింది, పాలవాడికి చెప్పింది. నేను బజారుకి వెళ్తే ఆటో హరీష్ అన్న, "ఏం జర్మనీ మేడం, మా ఆటో ఎక్కుతవా ఇంక?" అన్నాడు. మా సందులో చివరింటి ఆమె వాళ్ళ అల్లుడి నంబర్ ఇచ్చింది. అల్లుడు దుబాయ్‌లో ఉంటాడు. "ఆడ దిగినంక జర ఫోన్ జెయ్యి బిడ్డా, ఏమన్న కావాలంటె తెచ్చిస్తడు" అంది. తాండూర్‌కి బయట ఉన్నదంతా ఒకే వీధి అనుకుంటుంది ఆమె. నంబర్ రాసుకున్నాను. రాసుకోకుండా ఏం చెప్పను?

సాయంత్రం బీరమ్మ పెద్దమ్మ పనిగట్టుకుని వికారాబాద్ నుంచి వచ్చింది. పోలీసు కొడుకు పాత స్వెటర్ తెచ్చింది. "మస్తు చలంట గదనే, లోపటికేసుకో" అని నా మెడలోంచి తొడిగింది కూడా. ఇదే సమయమని, "పెద్దమ్మా, వీసా ఇంకా..." అన్నాను. అమ్మ సరిగ్గా అప్పుడే చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చింది. గ్లాసులు ట్రేలో గలగలమన్నాయి. నా ముఖం వైపు చూడలేదు. "ఇంకా ఏందే?" అంది పెద్దమ్మ. "ఇంకా స్టాంపు సరిగ్గ చూసుకోలే" అన్నాను.

ఆ మాట నేనెందుకన్నాను? నాకిప్పటికీ అర్థం కావడం లేదు.

నాన్న డ్యూటీ నుంచి వచ్చాక అంతా చెప్పాను. ఒంటి మీది బండల దుమ్ము కూడా దులుపుకోనివ్వలేదు. నువ్వు అడుగు, నువ్వు గట్టిగా చెప్పు అన్నాను. కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు.

"కడుపు చింపుకుంటె కాళ్ల మీద వడ్తది బిడ్డా. వస్తది గద, వచ్చినంక అన్ని సక్కగైతయ్."

"రాకుంటె?"

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

నవంబర్ 9

బషీరాబాద్ వెళ్ళొచ్చాను, నాయనమ్మని చూసి రమ్మని నాన్న పంపించాడు. ఇక్కడ ఉండి అమ్మ ముఖం చూడటం కంటే నయమే అనుకుని వెళ్ళాను. షేర్ ఆటోలో నా ఒళ్ళో ఎవరిదో మేకపిల్లని కూర్చోబెట్టారు. ఆ మేకపిల్ల ఒక్కటే నన్ను జర్మనీ గురించి అడగలేదు.

నాయనమ్మ శాంతవ్వ కటక రొట్టెలు చేసి పెట్టింది. గోడకి కొడితే గోడే పగిలేంత గట్టివి, నెలైనా పాడవవు. గుడ్డలో కట్టి ఇచ్చింది. "యావాగ పోతవే?" అంది. ఆమె మాటలో సగం కన్నడమే. జనవరిలో అన్నాను.

"పోయినోళ్లు మళ్ల రారంట గద."

"ఆరు వారాలు నాయనమ్మా. వస్త."

"అందరు గట్లనే అంటరు."

నాకు ఎంత కోపం వచ్చిందంటే, రొట్టెల మూట అక్కడే వదిలేసి రాబోయాను. ముసలమ్మ వెనకాల వచ్చి ఆటోలో పెట్టింది. ఆరు వారాలు! మా అత్తలు అప్పచెల్లెళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి వెళ్తే ఇంతకంటే ఎక్కువ ఉంటారు.

నవంబర్ 12

వైశాలికి వచ్చింది. నాకు వైశాలి చెప్పలేదు. బజారులో వాళ్ళ నాన్న చెప్పాడు. పప్పు మిల్లు ముందు నిలబడి దారినపోయే వాళ్ళకి పేడాలు పంచుతున్నాడు వెంకటేశ్వర్ సేట్. "బిందూ, రా రా! మీ దోస్తుకు వీసా వచ్చింది. నీకు వారం కిందనే వచ్చిందంట గద, మాకొక్క మాట చెప్పలే" అని నోట్లో పేడా పెట్టాడు. మింగాను.

వైశాలికి ఫోన్ చేసి అడిగాను.

"నీది వచ్చినంకనే చెప్దామనుకున్ననే. మీ అమ్మ వచ్చిందని అందరికి చెప్పిందంట, నాకు తెల్సు రాలేదని. నీకెట్లుంటదో అని..."

"నాకెట్లుంటది? నాకేం గాలే."

పెట్టేశాను. చెప్పినందుకు అమ్మ మీద కోపం, చెప్పనందుకు వైశాలి మీద కోపం. ఇలా రాసుకుంటే నేనే పిచ్చిదాన్నేమో అనిపిస్తోంది. కాదు. ఇద్దరూ తప్పే చేశారు.

మా ఇద్దరిలో ఫస్ట్ నాది. పప్పు మిల్లులో పుట్టినా కందిపప్పులో పుచ్చు గింజ పట్టుకోలేదు అది. ల్యాబ్‌లో దాని రికార్డు సగం నేనే రాశాను. ఒకే రోజు పెట్టాం, ఒకే కాగితాలు. నాది కూడా రేపో ఎల్లుండో వస్తుంది. దాని గురించి అంతగా ఆలోచించడం లేదు నేను.

నవంబర్ 13

రాలేదు. ఆన్‌లైన్‌లో చూశాను.

నవంబర్ 14

చూశాను.

నవంబర్ 16

ధారూర్ క్రైస్తవ జాతరకి లాక్కెళ్ళింది అమ్మ. రానంటే వినలేదు, ఏటా వెళ్తాం, ఈ ఏడు అసలే తప్పొద్దంది. గుడారాలు, వంటల పొగ, మైకులు, వేలమంది జనం. అందులో మా అమ్మ కనిపించిన ప్రతివాళ్ళ ముందూ నన్ను నిలబెట్టింది. మోమిన్‌పేట్ వాళ్ళు, దోమ ఊరి వాళ్ళు, నేను పుట్టినప్పుడు ఒక్కసారి చూసిన వాళ్ళు. ఒకామె తన చంటిపిల్లని నా చేతుల్లో పెట్టి, ముట్టుకో బిడ్డా, నీ లెక్క చదువు రావాలె అంది. పిల్లని పట్టుకుని నిలబడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ అలసిపోయి నా భుజం మీద తల పెట్టి పడుకుంది. తీసేయలేదు. నిద్రలో ఉంది కాబట్టి.

నవంబర్ 19

రాలేదు. ఇవ్వం అన్నారు.

నవంబర్ 20, బుధవారం

నిన్న రాయలేకపోయాను. కొరియర్ అతను అంగడి దగ్గర నిలబడి ఫోన్ చేశాడు. కవర్ అక్కడే చింపాను. పాస్‌పోర్ట్ పేజీలన్నీ తిప్పాను, రెండుసార్లు తిప్పాను. లోపల మడిచిన కాగితం ఒకటి. అందులో చాలా గళ్ళు, ఒక గడిలో టిక్కు. గడువు ముగిసేలోపు మీరు తిరిగి వెళ్ళిపోతారన్న నమ్మకం మాకు కలగలేదు.

అంటే నేను అక్కడే ఉండిపోతానట. నేను! అన్నంలోకి పచ్చిమిరప తొక్కు లేకపోతే ముద్ద దిగదు నాకు. హైదరాబాద్ హాస్టల్‌లో నాలుగేళ్ళున్నా ప్రతి శనివారం తాండూర్ రైలెక్కిన దాన్ని. ఒక గింజ మొలుస్తుందో లేదో తేల్చాలంటే తడి కాగితం మీద వందల గింజలు పరిచి రోజుల తరబడి చూస్తాం. ఒక్కరోజు ముందు తేల్చినా ఆ పరీక్ష చెల్లదు. ఆ పద్ధతి నేర్పుతామని పిలిచిన దేశమే నన్ను ఒక్కసారి కూడా చూడకుండా తేల్చేసింది.

హైదరాబాద్‌లో మా ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాను. ఆయన మెత్తగా చెప్పారు. ఆస్తి ఉండాలి, లేకపోతే ఉద్యోగం, లేకపోతే పెళ్ళి. వెనక్కి లాగేది ఏదో ఒకటి చూపించాలి. వచ్చే నెల నుంచి ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా చేరు, మే నెల బ్యాచ్‌కి మళ్ళీ పెట్టు, మంచిగా ఉత్తరం రాసిస్తాను అన్నారు. వైశాలిని వెనక్కి లాగడానికి పప్పు మిల్లుంది. నన్ను లాగడానికి ఏముంది? అమ్మ ఉంది. ఆమెకి ఏ గడిలోనూ చోటు లేదు.

నాన్నకి చెప్పాను. డీసీఎం స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. "మీ అమ్మకు నేను చెప్పాల్నా?" అన్నాడు. వద్దు, నేనే చెప్తాను అన్నాను. మందిరంలో, ఆదివారం, ప్రయాణ ప్రార్థనలో, మైకులో చెప్తాను. ఎక్కడ చెప్పిందో అక్కడే చెప్తాను. అందరి ముందూ వచ్చిందన్న వీసాని అందరి ముందూ రాలేదనాలి. నేను అబద్ధాలాడే మనిషిని కాదు.

నవంబర్ 21

పొద్దున అమ్మ నా బట్టలు మడతపెట్టి సూట్‌కేసులో సర్దుతోంది. జనవరి ప్రయాణానికి నవంబర్‌లో! చూస్తూ నిలబడ్డాను. చెప్పలేదు. ఆదివారం దాకా చెప్పకపోవడం అబద్ధం కాదు.

నవంబర్ 22, శుక్రవారం

చెప్పేశాను. ఆగలేకపోయాను.

అంగన్‌వాడీకి వెళ్ళాను, పిల్లలంతా వెళ్ళిపోయాక. అమ్మ పలకలు తుడుస్తోంది. నా చేతిలోని కాగితం ఆమె ముందు పెట్టాను. ఆమెకి ఇంగ్లీషు రాదు. నేను చదివి చెప్పాను. చదువుతుంటే నా గొంతు పెద్దదైంది. ఇగో చూడు నీ సాక్ష్యం, ఇగో నీ స్తోత్రం, ఇగో నీ విశ్వాసం అన్నాను. ఆదివారం సంఘం ముందు నేనే చెప్తాను, మా అమ్మ అబద్ధం చెప్పిందని చెప్తాను అన్నాను. ఇన్ని రోజులుగా దాచిపెట్టుకున్న మాటలన్నీ అన్నాను. రాయడానికి కూడా బాగోని మాటలు కొన్ని.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పలక మీద ఒక మూల పోని గీత ఉంటే తడి గుడ్డతో దాన్ని రుద్దింది.

"చెప్పు" అంది. "చెప్పుడే మంచిది."

"నీకేం అనిపిస్తలేదా? వస్తదని అంత నమ్మినవ్ గద?"

"నేనెక్కడ నమ్మిన?"

నాకు అర్థం కాలేదు.

"రాదనే అనుకున్న బిడ్డా. మనకెట్ల వస్తది? మన ఇంట్ల ఎవ్వరికి ఏదొచ్చింది గనుక? పెట్టుకున్ననాడే అనుకున్న, ఇయ్యరని."

"మరెందుకు జెప్పినవ్?"

"రాలేదని తెలిసినంక చెప్పరాదు గద. గందుకే ముందుగాల్నే చెప్పిన. ప్రతి వారం కూసుంట, అందరు లేసి చెప్పుకుంటరు. కొడుక్కు నౌకరొచ్చింది, ట్రాక్టరొచ్చింది, ఇల్లు గట్టినం. నేను జ్వరం తగ్గిందని చెప్పుకుంట. అన్ని వచ్చినోళ్లు చెప్పుకుంటరు. రానోళ్లు ఎప్పుడు చెప్పుకోవాలె? ఒక్కసారన్న నా నోటితోని అనాలనిపించింది, నా బిడ్డకు వచ్చిందని. అన్న. ఇంక నువ్వు తీసేస్తె తీసేయ్."

పలక గోడకి ఆనించి ఇంకోటి తీసుకుంది.

నేను కాగితం తీసుకుని వచ్చేశాను. జాలి పడాలేమో నేను. పడటం లేదు. ఇంకా కోపంగా ఉంది. ఆమె పిచ్చిగా నమ్మి నోరు జారిందనుకున్నాను ఇన్నాళ్ళూ. అదే బాగుండేది! నేను తిరిగి వస్తానని వాళ్ళు నమ్మలేదు. నేను వెళ్తానని మా అమ్మ నమ్మలేదు. మధ్యలో నేనొక్కదాన్నే పిచ్చిదానిలా స్వెటర్ తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను.

నవంబర్ 23

ఆదివారం చెప్పి తీరతాను.

నవంబర్ 24, ఆదివారం

పొద్దున ఇద్దరం ఒకే రైలెక్కి, ఎదురెదురుగా కూర్చుని, కిటికీలోంచి ఒకే వైపు చూశాం. అమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుంది, కొంగు తల మీదుగా కప్పుకుంది. రావొద్దని నేను అనలేదు. రానని ఆమె అనలేదు.

మందిరం నిండిపోయింది. నా కోసమే వచ్చారు. ముందు వరసలో పూలదండ పళ్ళెంలో పెట్టి ఉంది. పాటలయ్యాక అయ్యగారు నన్ను పిలిచారు. ప్రయాణం వెళ్ళేవాళ్ళని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి పెద్దలంతా తల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. దానికి ముందు రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు.

అమ్మ మూడో వరసలో చాప మీద ఉంది. పిల్లలకి టీకా వేయించేటప్పుడు తల్లులు కూర్చుంటారే, అలా కూర్చుంది.

"అందరికి వందనాలు" అన్నాను. "నాకు వీసా రాలేదు. ఇయ్యం అని చెప్పిండ్రు."

డోలక్ కొట్టే అబ్బాయి చేయి గాల్లోనే ఆగిపోయింది. తర్వాతి మాట నా నోట్లో తయారుగా ఉంది. మూడు వారాలుగా రోజూ రాత్రీ పగలూ పదును పెట్టుకున్న మాట. మా అమ్మ మీ అందరికీ అబద్ధం చెప్పింది.

నాకంటే ముందు బీరమ్మ పెద్దమ్మ అందుకుంది. లేవకుండానే, పక్కామెతో అన్నట్టు, అందరికీ వినపడేలా.

"నేననుకుంట్నే ఉన్న. గీళ్లకెక్కడి జర్మనీ! మరి కృపారాణి వచ్చిందని సాక్ష్యమెట్ల జెప్పింది? దేవుని సన్నిధిల అబద్ధమాడుతదా?"

గీళ్లకెక్కడి జర్మనీ. అదే మాట. అమ్మ పలక తుడుస్తూ అన్నదీ అదే, ఆ గడిలో టిక్కు పెట్టినవాడు అన్నదీ అదే. అమ్మ నోటి నుంచి విన్నప్పుడు ఒళ్ళు మండింది. పెద్దమ్మ నోటి నుంచి వింటే కళ్ళు బైర్లు కమ్మాయి. అమ్మ ఒక చేయి నేల మీద ఆనించింది, లేవడానికి. ఆమె మోకాళ్ళు బాగోవు, చేయి ఆనిస్తే తప్ప లేవలేదు.

"అమ్మకు నేనే జెప్పిన" అన్నాను మైకులో. "వచ్చిందని నేనే అబద్ధం జెప్పిన. అమ్మకు తెల్వదు."

నేను అమ్మ వైపు చూశాను. ఇప్పుడు లేస్తుంది, కాదంటుంది, నా బిడ్డ అలాంటిది కాదంటుంది అనుకున్నాను. అమ్మ నేల మీద నుంచి చేయి తీసింది. ఒళ్ళో పెట్టుకుంది. లేవలేదు.

అయ్యగారు నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. పెద్దలు తల మీద చేతులుంచారు. ప్రార్థన మాత్రం మారిపోయింది. ప్రయాణం కోసం కాదు, నా నాలుక కోసం. తల్లి విశ్వాసాన్ని మోసగించిన ఈ బిడ్డను క్షమించు తండ్రీ అని మైకులో పావుగంట, వీధి చివరిదాకా వినపడేలా. తల్లి విశ్వాసం! ఆ పదం వచ్చినప్పుడల్లా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను. పూలదండ పళ్ళెంలోనే ఉండిపోయింది. బయటికి వస్తుంటే బీరమ్మ పెద్దమ్మ అమ్మ భుజం మీద చేయి వేసి, "చదువుకున్నోళ్లు గింతే కృపారాణీ, నువ్వు ఫికరు వడకు" అంది. అమ్మ తల ఊపింది.

స్టేషన్ దాకా నేను ముందు నడిచాను. రైలు కదిలాక అడిగాను.

"ఎందుకు లేవలే?"

అమ్మ కిటికీ బయటికి చూస్తోంది.

"నిన్నే అడుగుతున్న. అందరి ముంగట నేను దొంగనైన. నువ్వు కూసొని చూస్తున్నవ్."

"నేను లేసి కాదంటె, నువ్వు మైకుల చెప్పింది అబద్ధమైతుండె గద."

"అబద్ధమే గదనే అమ్మా!"

"గదే అంటున్న. మొదలు నాది అబద్ధం, మళ్ల నీది అబద్ధం. ఇంట్ల ఇద్దరం అబద్ధాలోళ్లమైతే ఎట్ల? ఒక్కలన్న మంచిగుండాలె."

"ఆ ఒక్కలు నువ్వేనా?"

అమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"నువ్వు వచ్చే నెల హైదరాబాద్ పోతవ్. నేను ప్రతి ఆదివారం గాడ్నే కూసోవాలె" అంది.

కోపం మొత్తం గొంతు దాకా వచ్చి, అక్కడ దారి తప్పి నవ్వైపోయింది. ఎదురు సీట్లో ఆయన పేపర్ దించి చూశాడు. నేను నవ్వుతుంటే అమ్మ ఏడ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా, ధారూర్ వచ్చేదాకా ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు. కాస్త ఏడవనీ అనుకున్నాను. నా చేయి మాత్రం ఆమె చేతిలో ఉంది, ఎప్పుడు పట్టుకుందో చూసుకోలేదు.

ధారూర్‌లో పల్లీలు కొన్నాం. సగం తిన్నాక అడిగింది.

"మళ్లెప్పుడు పెడ్తవ్?"

"ఫిబ్రవరిల."

"ఈసారి వస్తదా?"

"నువ్వేమనుకుంటున్నవ్?"

పొట్టు ఊదుకుంటూ కూర్చుంది. నేను వదల్లేదు. చెప్పు, వస్తదా రాదా, నీ మనసుల ఉన్నది చెప్పు అన్నాను. ఆమె నమ్మితే వస్తుందని కాదు. నాకు తెలియాలి, అంతే.

"వస్తదేమో" అంది. ఇంకో పల్లీ వొలిచింది. "గానీ ఈసారి ఎవ్వరికి చెప్ప. అయ్యగారికి చెప్ప, బీరమ్మకు చెప్ప. నీ చేతికొచ్చిందాక దేవునికి గూడ చెప్ప."

సరే అన్నాను. ఈసారి మాట తప్పితే నీతో జన్మలో మాట్లాడనని కూడా అన్నాను. తల ఊపింది.

రుక్మాపూర్ దాటుతుండగా అటు చూస్తే, తల మీదికి కొంగు లాక్కుని కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. రైలు చప్పుడులో ఏమీ వినపడలేదు కానీ నా పేరొక్కటి తెలిసిపోయింది. చెప్పేస్తోంది. తాండూర్ వచ్చేదాకా చెప్తూనే ఉంది, నేను ఆపలేదు.